సగం రొట్టె

జనగామ స్టేషన్లో నా పక్కన కూర్చున్న ఆ అవ్వ పేరు నేను అడగలేదు. దళాలకు అన్నం పెట్టారని ఊళ్లలో ఆడవాళ్లను కూడా పట్టుకుపోతున్న రోజులవి. ఆమె మూట విప్పి జొన్నరొట్టె తీసింది. దాని మీద ఆమె వేళ్ల అచ్చులు ఇంకా కనిపిస్తున్నాయి. రెండుగా తుంచి ఒక సగం నా వైపు జరిపింది.

"తిను బిడ్డా, మొకమంత వాడిపోయింది."

పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు. కానీ గేటు దగ్గర పోలీసు ఒక్కొక్కరి మూటా విప్పిస్తున్నాడు. ఈమె నీకేమవుతుందని అడిగితే ఏం చెప్పాలి?

"ఆకలి లేదవ్వా," అన్నాను.

ఆమె పోలీసును చూసింది, నన్ను చూసింది. గొంతు తగ్గించింది.

"ఇంట్ల ముగ్గురముంటిమి. పోలీసోళ్లు పది రొట్టెలు జూసి, గివన్ని ఎవలకని మా ఆయనను గుంజుకపోయిన్రు. అప్పటిసంది మనిషికొకటే చేసిన. ఓనాడు మాపటీలి పొద్దుగూకంగ, దళంల ఉన్న నా కొడుకు అడివిలకెల్లి అచ్చిండు. 'అవ్వా, రొట్టె ఉన్నదా' అన్నడు. మల్ల పొయ్యి ముట్టిస్తె పొగ జూస్తరని బుగులైంది. లేదు పో బిడ్డా అన్న. తెల్లారి వాణ్ని జొన్నచేన్ల పోలీసోళ్లు కాల్చి సంపిన్రు. ఉత్త కడుపుతోనే పోయిండు."

నేను ఆ సగం రొట్టె వైపు చూశాను.

"గిప్పుడు రోజు ఒకటి ఎక్కువనే చేస్తున్న. ఎవ్వలు తింటలేరు. నీ తప్పేం లేదు బిడ్డా, భయం గసొంటిది," అంది.

రైలు వచ్చేదాకా ఆ సగం రొట్టె మా ఇద్దరి మధ్య బల్ల మీదే ఉంది. పోలీసు ఎప్పుడో వెళ్లిపోయాడు.