కంది గింజకూ అల ఉంటుందా

నారాయణఖేడ్‌లోని ఒక జూనియర్ కాలేజీలో పదమూడేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఎలక్ట్రాన్ కణమే కాదు, అలలా కూడా నడుచుకుంటుందనే పాఠం ఏటా వస్తుంది. పోయిన ఏడు ఆ పాఠం మధ్యలో, నాగల్‌గిద్ద నుంచి బస్సులో వచ్చే అమ్మాయి లేచి నిలబడింది. ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్ల. తెలుగులో ఏదైనా అడగాలంటే కాసేపు మాటలు కూడగట్టుకునేది.

"మేడం, కంది గింజకు గూడ అల ఉంటదా?"

"లెక్క ప్రకారం ఉంటుంది. కానీ అంత పెద్దవాటికి కనిపించదు."

"మరి ఎంత పెద్దగయితే కనిపించుడు బంద్ అయితది?"

"అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది.

ఆ ప్రశ్న నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. సిగ్గేసింది. ఆదివారమంతా చదువుతూ కూర్చున్నాను. సోమవారం క్లాసులో ముందు నా తప్పు ఒప్పుకున్నాను. వేల పరమాణువులున్న అణువులు కూడా అలల్లా నడుచుకోవడం శాస్త్రవేత్తలు చూశారనీ, గాలి తగిలినా వేడి తగిలినా ఆ తీరు చెదిరిపోతుందనీ, ఇక్కడితో ఆఖరు అనే గీత మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదనీ చెప్పాను.

ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకుని బోర్డు దగ్గరికి వచ్చింది. బజారులో బంగారం దుకాణానికి పోయి వంద కంది గింజలు తూకం వేయించిందట.

"సేటు ఏమన్నడు?" అని అడిగాను.

"కందులు గూడ తులాల లెక్కన అమ్ముతున్నరా బిడ్డా అన్నడు మేడం."

బరువును వందతో భాగించి, గింజ సెకనుకు ఒక మీటరు కదిలితే దాని అల ఎంత పొడవుంటుందో లెక్కగట్టింది. మీటర్లలో రాస్తే దశాంశ బిందువు తర్వాత ఇరవై తొమ్మిది సున్నాలు వచ్చాయి. క్లాసంతా గట్టిగా లెక్కపెట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నెల తర్వాత వాళ్లమ్మ ఏదో కాయితం మీద సంతకానికి కాలేజీకి వచ్చింది.

"మా పిల్ల మంచిగ చదువుతుందా మేడం?"

"నాకు జవాబు తెలియని ప్రశ్న అడిగిందమ్మా."

ఆమె పరేషాన్ అయింది. "తప్పడిగిందా?"

"లేదు. పెద్ద పెద్ద సైంటిస్టులు ఇప్పటికీ వెతుకుతున్న ప్రశ్న అడిగింది."

ఆ తల్లి పక్కనే నిలబడ్డ కూతురి వైపు తిరిగింది. కన్నడలో ఏదో అంది. ఏమన్నదని అడిగితే, ఆ పిల్ల ముసిముసిగా నవ్వుతూ చెప్పింది.

"ఇంకా అడుగు అంటున్నది మేడం."