అక్క ఇచ్చిన ఆటలమ్మ

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది కానీ, వీధి వీధంతా ఆమెను దిండ్లత్త అనే పిలిచేది. పరుపులూ దిండ్లూ కుట్టే కొట్లో కిటికీ పక్క చోటు ఆమెది. మేస్త్రీ దూది ఏకి కుప్ప పోస్తే, దాన్ని సంచిలో కూరి, వేళ్లతో మూలమూలకీ సర్ది, నోరు కుట్టేసేది. కుట్టాక ప్రతి దిండు మీదా ఒక్క క్షణం చెంప ఆనించి చూసేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీదా కొప్పులోనూ తెల్లటి నూగు ఉండేది. మబ్బులో నడిచొచ్చినట్టున్నావే అమ్మా అని నవ్వేవాడు కొడుకు.

ఆమె కుట్టిన దిండు మీద పడుకుంటే మంచి కలలొస్తాయని ఒక మాట పుట్టి ఊళ్లో తిరిగింది. ఎవరైనా అదే మాట ఆమెతో అంటే, కలలు దిండులో ఎక్కడుంటాయి, తలలో ఉంటాయి, నేను తలకి కాస్త చోటు చూపిస్తానంతే అనేది. కానీ ఆమెకు లోపల సంతోషంగానే ఉండేది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. కోడలు కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. వచ్చినవాళ్లకు అద్దాలు మార్చి మార్చి పెట్టి, అక్షరాలు కనిపిస్తున్నాయా అని మెల్లగా అడగడం ఆమె పని. ఇంట్లోనూ అంతే మెల్లగా మాట్లాడేది. అత్తాకోడళ్ల మధ్య పోట్లాట ఏనాడూ లేదు, చనువూ లేదు. కోడలు అనాథాశ్రమంలో పెరిగింది. నడక, మాట వచ్చాక ఎవరో తెచ్చి అక్కడ వదిలారట. అంతకు ముందు సంగతి ఆమెకూ తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. ఎవరైనా చిన్ననాటి కబుర్లు మొదలుపెడితే మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లిపోయేది. దిండ్లత్తకు అది అర్థమయ్యేది. ఏమని పలకరించాలో మాత్రం తెలిసేది కాదు.

కోడలికి నెల తప్పిందని తెలిసిన కొన్నాళ్లకు దిండ్లత్తకు నడుము ఎడమవైపు మంట మొదలైంది. వంగి కూర్చుని కుట్టీ కుట్టీ పట్టేసిందనుకుంది. పైన చూస్తే ఏమీ లేదు, లోపల మాత్రం ఎవరో వేడి సూదితో కుట్లు వేస్తున్నట్టుంది. రెండు రోజులు పళ్ల బిగువున ఓర్చుకుంది. అది చూడలేక కోడలు, అడగకుండానే, మందు తెచ్చి తన చేత్తో నడుముకు రాసింది. ఆ చేతి చల్లదనానికి దిండ్లత్తకు కళ్లు మూతలు పడ్డాయి. ఇన్నేళ్లలో ఆ పిల్ల తనను ముట్టుకోవడం అదే మొదలేమో అనుకుంది.

మర్నాడు అక్కడ ఎర్రగా పొంగింది. కోడలు మళ్లీ మందు రాసింది. ఆ మర్నాటికి నీటి పొక్కులు లేచాయి. వెన్ను దగ్గర మొదలై పొట్ట మధ్యదాకా సగం మొలతాడు కట్టినట్టు ఒకే వరస, ఒకే పక్క. కోడలు వాటి మీదా మందు రాసింది. ఏకులా వచ్చి మేకై కూర్చుందిరా అని కొడుకుతో చెప్పుకుని ఆసుపత్రికి బయల్దేరింది. కోడలు తోడు వెళ్లింది.

డాక్టరమ్మ చూసీ చూడగానే ఇది సర్పి అంది. తర్వాత, చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా అని అడిగింది.

పోయడమా, తానే వెళ్లి తెచ్చుకుంది కదూ.

అప్పుడు దిండ్లత్త ఇంకా బడికి కూడా పోని పిల్ల. అక్క బడి నుంచి తెచ్చింది. పక్క బల్ల మీది పిల్ల దగ్గినప్పుడో నవ్వినప్పుడో గాలిలో తేలి వచ్చి ఉంటుంది. అమ్మ అక్కను వెనక గదిలో పడుకోబెట్టి, గుమ్మానికి దుప్పటి కట్టి, అటు వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతానని చిన్నదానికి చెప్పింది. ఆ చిన్నదానికేమో అక్క పక్కన పడుకుంటే తప్ప నిద్ర రాదు. దుప్పటికి ఇవతల కూర్చుని అక్క మూలుగు వింటూ వింటూ, ఒక మధ్యాహ్నం అమ్మ బట్టలు ఆరేస్తుండగా లోపలికి దూరిపోయింది. నీకూ అంటుకుంటుంది, పోవే అంటూనే అక్క గోడవైపు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒకే దుప్పట్లో, ఒకే ఊపిరిగా పడుకున్నారు.

కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఏమీ కాలేదని అందరూ అనుకున్నాక, అక్క ఒంటి మీద చెక్కులు రాలిపోతున్న వేళకు, చిన్నదాని ఒళ్లు కాలింది. ఈసారి అక్క పక్కనే ఉన్నా అమ్మ ఏమీ అనలేదు. ఒకసారి వచ్చిపోయినవాళ్లకు మళ్లీ రాదని అమ్మకు తెలుసు. జ్వరంలో గది నీళ్లలో మునిగినట్టు ఊగేది. దుప్పటి గుండా వచ్చే ఎండ తేనెరంగులో గోడ మీద పాకేది. అక్క ఒక్కో పొక్కు మీదా ఊదుతూ, ఇది చుక్క, ఇది చందమామ, ఇది చందమామకు మరదలు అని పేర్లు పెట్టేది. దురద వచ్చిన చోటల్లా అక్క ఊపిరి చల్లగా తగిలేది. ఆ తర్వాత బతుకులో ఎన్ని మంచి రోజులొచ్చినా, దిండ్లత్తకు సుఖం అనే మాట వినగానే గుర్తొచ్చేది ఆ జ్వరమే.

అక్క పెరిగి పెద్దదై, పెళ్లయి, దూరపు ఊరు వెళ్లింది. నడివయసులోనే ఒకనాడు ఉన్నట్టుండి గుండె ఆగి పోయింది. దిండ్లత్త వెళ్లేసరికి చివరి చూపు కూడా దక్కలేదు.

డాక్టరమ్మ తీరిక చేసుకుని చెప్పింది. అప్పట్లో మీ ఒళ్లు ఆ పురుగును ఓడించింది కానీ ఊరు దాటించలేదు. అది వెన్నుపూస పక్కన ఒక నరం మొదట్లో దూరి పడుకుండిపోయింది. దాని ముఖం ఎరిగిన కాపలావాళ్లు మీ రక్తంలో ఉన్నారు, ఇన్నేళ్లూ అది తల ఎత్తకుండా చూశారు. వయసు మీద పడ్డాక కాపలాకు కునుకు పడుతుంది. అదను చూసి అది లేచి, పడుకున్న నరం వెంటే చర్మం మీదికి నడిచొచ్చింది. అందుకే ఒకే పక్క, ఒకే వరస.

"అయితే ఇది కొత్తగా ఎవరి దగ్గర్నుంచీ వచ్చింది కాదా?" అని అడిగింది దిండ్లత్త.

"కాదమ్మా. అప్పుడు వచ్చిందే."

"మా అక్క ఇచ్చిందేనా?"

అవును, అదే అంది డాక్టరమ్మ. దిండ్లత్త చెయ్యి తనకు తెలియకుండానే నడుము మీదికి పోయింది. మంట మంటగానే ఉంది. అయినా, పోయిందనుకున్న వస్తువు పెట్టె అడుగున దొరికినట్టు గుండెలో ఒక నెమ్మది.

ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు. డాక్టరమ్మ చూపు కోడలి మీద పడింది. ఎన్నో నెల అని అడిగింది. ఈ పొక్కులు ముట్టుకున్నావా అని అడిగింది. ముట్టుకుందని తెలిశాక, చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా అని అడిగింది.

"నాకు తెలీదండీ" అంది కోడలు.

సర్పి ఆటలమ్మలా గాలిలో ఊరంతా పాకదట. కానీ పొక్కుల్లోని నీరు తగిలితే, ఆటలమ్మ ఎన్నడూ రానివాళ్లకు అది ఆటలమ్మగా అంటుకోవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు వస్తే అది తల్లికీ మంచిది కాదు, కొన్నిసార్లు బిడ్డకూ మంచిది కాదు. భయపడొద్దు, ముందు రక్తం చూద్దాం అంది డాక్టరమ్మ. అందులో కాపలా ఉంటే సరేసరి. లేకపోతే ఇతరుల రక్తంలోంచి తీసిన కాపలాను సూదిమందుగా ఇస్తారు. అది అరువు కాపలా, కొన్నాళ్లే ఉంటుంది, కానీ ఆ కొన్నాళ్లే ముఖ్యం.

పొక్కుల మీద గుడ్డ కట్టుకుని, కోడలికి తగలకుండా మసులుకుంటే ఇంట్లోనే ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. దిండ్లత్త మనసు ఒప్పలేదు. మాత్రలు, రెండు చీరలు సంచిలో పడేసుకుని, కొట్టు మీద సరుకు దాచే గదికి వెళ్లిపోయింది. కొడుకు బతిమాలాడు, కసిరాడు, చివరికి మంచం మోసుకొచ్చి వేశాడు. మేస్త్రీ కుట్టిన సరుకంతా కిందికి దింపించి, మెట్ల మీద కూర్చుని పలకరించేవాడు. నాకు ఎప్పుడో పోసింది చెల్లెమ్మా, ఇక నా జోలికి రాదు, ఇన్ని పరుపులు చేసినా నాకు రానిది నిద్రొక్కటే అని నవ్వించేవాడు.

పగళ్లు పొడుగ్గా ఉండేవి. కింద దూది ఏకే చప్పుడు ఎక్కడో తేనెటీగల గుంపులా మోగేది. నూగు మెట్ల దారిన పైకి లేచి, కిటికీ ఎండలో నిలబడి, పడాలా వద్దా అన్నట్టు తిరిగేది. మాత్రల మత్తులో దిండ్లత్తకు మెలకువకూ నిద్రకూ మధ్య గుమ్మం లేకుండా పోయింది. ఒక మధ్యాహ్నం అక్క వచ్చి మంచం మీద కూర్చుంది. పిల్లగా కాదు, పెద్దయ్యాక ఉన్నట్టే, జబ్బలు లావుగా, ముంగురులు నెరిసి. నడుము మీద వంగి ఊదింది. నువ్వు పోయినప్పుడు రాలేకపోయానే అని చెప్పబోయింది దిండ్లత్త. ఇన్నేళ్లూ నీ వెన్నులోనే పడుకున్నాను, ఎక్కడికి పోయానూ అంది అక్క. అని ఇంకో పొక్కు మీద ఊదింది. మెలకువ వచ్చాక కూడా కాసేపు అక్కడ చల్లగానే ఉంది.

ఆ రోజే ఆమె ఒక సంగతి ఆలోచించింది. తన జబ్బుకు కూడా ఒక ముఖం ఉంది, ఒక గది ఉంది, పక్కన ఒక మనిషి ఉంది. కోడలికి ఏముంది? తెలీదండీ అన్న ఆ ఒక్క మాట ఆమె చెవిలో ఇల్లు కట్టుకుంది.

రక్తం సంగతి తెలిసిన రోజు కోడలు దుకాణం నుంచి నేరుగా కొట్టుకు వచ్చింది. పైకి రావద్దని దిండ్లత్త కేకేసినా వినలేదు. గుమ్మంలో నిలబడి, కాపలా ఉందట అత్తయ్యా అని చెప్పింది. చిన్నప్పుడెప్పుడో నాకూ పోసిందట. బిడ్డకు కూడా ఏమీ భయం లేదట. ఆ మాట చెప్పి, సంతోషంగా దిగిపోవాల్సిన పిల్ల, మెట్టు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

దిండ్లత్త గుడ్డ బిగించుకుని, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, ఆమె పక్కన కాస్త ఎడంగా కూర్చుంది.

కోడలే అంది. "నాకు ఆశ్రమంలో పోయలేదు. అక్కడ పోస్తే తెలిసేది. అంటే అంతకు ముందే. అప్పుడు నేను ఎవరింట్లో ఉన్నాను అత్తయ్యా? నాకు గుర్తులేనిది నా రక్తానికి గుర్తుందట."

దిండ్లత్త ఆమె ముఖాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పింది. ఎడమ కనుబొమ చివర, వెంట్రుకల్లో దాక్కుని, ధనియాల గింజంత గుంట ఒకటి కనిపించింది. ఇదేమిటి అని అడిగితే, ఎప్పుడో పడ్డానేమో అంది కోడలు. దిండ్లత్త తన ముంజేతులు చాపి చూపించింది. మోచేతి దాకా అలాంటి గుంటలే, అక్క కన్నుగప్పి గోకుకున్నవి.

"నీకు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"లేవు. ఇదొక్కటే."

"ఆటలమ్మ దురద సంగతి నాకు తెలుసమ్మా. నడక రాని పిల్ల అయినా, నడిచే పిల్ల అయినా గోకకుండా ఉండదు. ఇంత నునుపైన ఒళ్లు దానంతటది మిగలదు. ఎవరో నీ చేతులు పట్టుకుని కూర్చున్నారు. పగలనక రాత్రనక కూర్చుని ఉంటారు. ఎక్కడో కన్ను మూతపడ్డప్పుడు నువ్వు ఈ ఒక్కటీ గోకేశావు."

కోడలు కనుబొమ మీద వేలు పెట్టుకుని ఆ గుంటను తడిమి చూసుకుంది. కింద దూది ఏకే చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. అది ఒట్టి ఊహే కావచ్చు, కొందరు పిల్లలకు గోకినా మచ్చ పడదు. దిండ్లత్తకు ఆ సంగతీ తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు.

చెక్కులు కట్టి రాలిపోయాక దిండ్లత్త ఇంటికొచ్చింది. మంట మాత్రం చర్మం కింద చాలా నెలలు ఉండిపోయింది. వానలు పట్టినప్పుడు మరీ ఎక్కువ. గుడ్డ అంచు తగిలినా ఉలిక్కిపడేది. కొట్లో ఇంకో కుర్చీ వేయించుకుని, కుడివైపు ఒరిగి కుట్టడం నేర్చుకుంది. కోడలు ఇప్పుడు మంచినీళ్ల కోసం లేచి వెళ్లడం లేదు. సాయంత్రం దుకాణం నుంచి రాగానే, ఇవాళ ఒక ముసలాయనకు మొదటిసారి చెట్టు మీద ఆకులు విడివిడిగా కనిపించాయి అత్తయ్యా అని మొదలుపెడితే, అన్నాలు వడ్డించేదాకా ఆపేది కాదు. కొడుకు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బస్సులో గోల చాలదనా మీరూ అనేవాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లి రక్తంలోని కాపలాలో కొంత బిడ్డకూ వచ్చి ఉంటుందనీ, అది పుట్టింటి సాయం లాంటిది, కొన్ని నెలల్లో కరిగిపోతుందనీ, ఆ తర్వాత పిల్ల తన కాపలాను తానే కూడగట్టుకోవాలనీ, అందుకే టీకాలు వేళకు వేయించమనీ డాక్టరమ్మ చెప్పింది. టీకా అంటే దొంగను పిలవకుండానే దొంగ ముఖం కాపలావాళ్లకు చూపించడం అట. అంత తెలివి మా అమ్మ కాలంలో లేకపోయిందే అనుకుంది దిండ్లత్త. ఆ వెంటనే, ఉంటే ఆ గదీ, ఆ తేనెరంగు ఎండా ఉండేవి కావు కదా అనిపించి, ఆ ఆలోచనకు తనే సిగ్గుపడింది. మనవరాలికి ఒక్క టీకా కూడా వేళ తప్పనివ్వలేదు.

పిల్లకు మొదటి జలుబు వాళ్ల నాన్న బస్సులోంచి వచ్చింది. ముక్కు మూసుకుపోయి పడుకోలేక పేచీ పెడుతుంటే, అత్తాకోడళ్లిద్దరూ వంతులవారీగా భుజాన వేసుకుని గదిలో పచార్లు చేశారు. మధ్యాహ్నపు ఎండ నేల మీద చాపలా పరుచుకుంది. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం కూడా లోపల జరుగుతున్న పోరేనని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. చివరికి పిల్ల దిండ్లత్త మెడవంపులో ముఖం దూర్చి, నోటితో ఊపిరి తీస్తూ నిద్రపోయింది.

"అత్తయ్యా, ఇది గుర్తుపెట్టుకోండి. దానికి చెప్పాలి" అంది కోడలు గుసగుసగా. "మొదటి జలుబు. వాళ్ల నాన్న తెచ్చాడు. మనిద్దరం ఎత్తుకున్నాం."

"నువ్వూ గుర్తుపెట్టుకో. నాకు మతిమరుపు" అంది దిండ్లత్త, పిల్ల లేవకుండా పెదవులు మాత్రమే కదిపి. తర్వాత పెద్దగా తుమ్మింది.