మొదట్నుంచి గారు, ఆగని బిల్డు

ఆ ఆఫీసులో ఒక పెద్దాయనకి ఏ సంగతీ మధ్యలోంచి చెప్పడానికి వీల్లేదు. "సార్, ప్రింటర్ పనిచెయ్యట్లేదు" అన్నామనుకోండి. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కుర్చీ మనవైపు తిప్పి, "మొదట్నుంచి చెప్పండి" అంటారు. కాగితం అయిపోయిందంటే చాలదు. ఆ కాగితం ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, పెడుతున్నప్పుడు మీరెక్కడున్నారు, అన్నీ కావాలి. ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి గుర్తుందేమోగానీ, మిగతా జనానికి మాత్రం ఆయన 'మొదట్నుంచి గారు'.

ఒకసారి ఫైర్ అలారం మోగింది. జనం మెట్లమీద పడి పరుగులు. ఈయన మాత్రం నాలుగో అంతస్తులో వాచ్‌మన్‌ని పట్టుకున్నారు.

"ముందు గంట మోగిందా, పొగ వచ్చిందా? మొదట్నుంచి చెప్పు."

"సార్, ముందు కిందికి దిగండి!"

"దిగుతున్నాగా. దిగేలోపు చెప్పు."

పాపం వాచ్‌మన్ నాలుగు అంతస్తులూ చెప్పుకుంటూ దిగాడు. ఆఖరి మెట్టు మీద ఠక్కున ఆగి, "అయ్యో, గోడకి జారబడ్డప్పుడు నా భుజమే ఆ అలారం బటన్‌కి తగిలింది సార్!" అని నాలుక్కరుచుకున్నాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. ఓ రోజు వాళ్ళావిడ ఫోన్ చేసి గ్యాస్ అయిపోయిందన్నారు. స్పీకర్ నొక్కి ఉందని చూసుకోక ఈయన, "మొదట్నుంచి చెప్పు" అన్నారు. "మొదట్లో మా నాన్న మిమ్మల్ని చూసి సరేనన్నాడు. చాలా, ఇంకా చెప్పనా?" అందావిడ. ఆ పూట ఆఫీసులో ఎవరూ పని చెయ్యలేదు.

ఇలాంటి మనిషి పక్క వరసలో చేరింది కొత్తమ్మాయి. అమ్మాయంటే నిజంగా అమ్మాయి కాదు, నలభైకి దగ్గర పడింది. ఇద్దరు పిల్లల్ని పెంచడానికి తొమ్మిదేళ్ళు ఉద్యోగం మానేసి, మళ్ళీ వచ్చి జావా ప్రోగ్రాములు రాస్తోంది. చేరి మూడు నెలలు కావస్తోంది. ఆ వచ్చే శుక్రవారం ఆమెని ఉంచాలా, పంపెయ్యాలా అన్నది మేనేజర్ తేల్చాలి. ఇంట్లో భర్త "నీకేంటి, ఉంచుతారులే" అంటాడు. ఆ 'లే' దగ్గరే ఆవిడకి అనుమానం మొదలయ్యేది.

సరిగ్గా ఆ వారమే సోమవారం పొద్దున్న ఆఫీసంతా గోల. జావా రాసే సాధనంలో ఒక సదుపాయం ఉంది. మనం ఏ ఫైలు మార్చినా అది తనంతట తనే ప్రోగ్రామునంతా మళ్ళీ కట్టుకుంటుంది. దాన్ని ఆటో బిల్డ్ అంటారు. తెర అడుగున కుడిమూలలో ఓ ఆకుపచ్చ గీత మెల్లగా నిండుతుంది, నిండగానే ఆగిపోతుంది. ఆ రోజు ఆగలేదు. నూరు శాతం దాకా వచ్చి, మళ్ళీ సున్నా దగ్గర మొదలెట్టింది. మళ్ళీ నూరు. మళ్ళీ సున్నా. కంప్యూటర్లన్నీ పిండిమర ఆడినట్టు రొద చేస్తున్నాయి.

"మొదట్నుంచి గారు మిషన్లలోకి దూరిపోయారర్రా!" అన్నాడు ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టర్. అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి ఎవరికీ నవ్వు రాలేదు.

ఆదివారమే ఆ సాధనానికి కొత్త వెర్షన్ వేశారు. దాంతో నేరం మొత్తం దాని మీద పడింది. మేనేజర్ ఆ తయారుచేసిన కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు, జవాబు రాకపోతే ఇంకా ఘాటుగా ఇంకోటి రాశాడు. ఒకరు మెమరీ పెంచారు. ఒకరు పాత బిల్డు మొత్తం తుడిచేశారు. ఒకరైతే సాధనాన్నే పీకేసి మళ్ళీ వేసుకున్నారు. గీత వెళ్ళడం, రావడం మానలేదు. మొదట్నుంచి గారు మాత్రం, "ప్రస్తుతానికి ఆటో బిల్డ్ ఆపెయ్యండి, అవసరమైనప్పుడు చేత్తో నొక్కుకోండి" అని ఒక ముక్క చెప్పి కూర్చున్నారు. సగంమంది విన్నారు, మిగతావాళ్ళ మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. పని కుంటుతూ నడిచింది. అయినా శుక్రవారం కొనేవాళ్ళొచ్చి ప్రోగ్రాము చూస్తారు. వాళ్ళ ముందు ఇలా కుంటితే పరువు పోతుంది.

"మీకేమైనా అంతుబట్టిందా?" అని మేనేజర్ ఆయన్ని అడిగాడు.

"ఏం అర్థం కావట్లేదండీ. నాకు కాస్త టైము పడుతుంది."

"మీకెప్పుడు పట్టలేదు గనక!" అని మేనేజర్ విసుక్కుని పోయాడు.

ఆ సోమవారం మధ్యాహ్నమే ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ కొత్తమ్మాయి వైపు వచ్చారు. అసలే చేతగానిదన్న ముద్ర పడుతుందేమోనని హడలిపోతుంటే, ఈయన ప్రశ్నలకి ఎక్కడ తట్టుకుంటుంది? కప్పు పట్టుకుని టీకి పారిపోయింది. మంగళవారం మెట్లమీద ఎదురుపడితే, పైకెక్కాల్సిన మనిషి చటుక్కున వెనక్కి తిరిగి కిందికి దిగిపోయింది. లిఫ్టులో కనిపిస్తే లేని ఫోను చెవిన పెట్టుకుంది, అంటే ఉత్త అరచెయ్యి.

బుధవారం దొరికిపోయింది. ఆయన ముందే వచ్చి, ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మొదట్నుంచి చెప్పమ్మా."

"ఏం చెప్పను సార్? సోమవారం వచ్చాను, కంప్యూటర్ వేశాను, గీత తిరుగుతోంది."

"అది మొదలెలా అవుతుంది? దానికి ముందు?"

"ఆదివారం సార్. బట్టలుతికాను."

"ఊఁ. దానికి ముందు?"

"శనివారం మా చిన్నదానికి జ్వరం."

"తగ్గిందా?"

"తగ్గింది సార్."

"మంచిది. దానికి ముందు?"

ఆవిడకి చిర్రెత్తింది. అయినా అణుచుకుంది. "శుక్రవారం సాయంత్రం సార్. ప్రోగ్రాము ఎప్పుడు కట్టారో తెర అడుగున తేదీ, టైము కనబడాలన్నారు మేనేజర్ గారు. అది రాసి, అందరి కోడ్‌లో కలిపేసి, బస్సు పోతుందని పరిగెత్తాను."

"ఆ తేదీ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?"

"చిన్న ఫైలొకటి పెట్టాను. అందులోంచి."

"ఆ ఫైల్లో ఎవరు రాస్తారు?"

"బిల్డే రాస్తుంది. బిల్డయిన ప్రతిసారీ ఆ టైము అందులో..."

తెర మూలన గీత నూరు దాకా వచ్చి సున్నాకి పోయింది. ఆవిడ దాన్నే చూస్తోంది.

"నీ మిషన్లో శుక్రవారం ఇలా తిరగలేదా?" అన్నారాయన, గోడ వైపు చూస్తూ.

"లేదు సార్. నా మిషన్ నెమ్మది కదా అని ఆటో బిల్డ్ ఆపుకుని పనిచేస్తున్నాను. సోమవారమే మళ్ళీ పెట్టాను." మౌస్ వదిలేసింది. "సార్... ఇది నేను చేసిందే."

"ఏది? నాకర్థం కాలేదమ్మా. కాస్త గట్టిగా చెప్పు."

ఇక దాచి లాభం లేదు. ఆవిడ లేచి నిలబడింది. బోర్డు మీద గీసింది కూడా. "నేను ఆ ఫైలు మన కోడ్ ఉండే ఫోల్డర్‌లో పెట్టాను. బిల్డవుతుంది, ఫైల్లో టైము రాస్తుంది. ఫోల్డర్‌లో ఏదో మారిందని సాధనం చూస్తుంది, మళ్ళీ బిల్డు మొదలెడుతుంది. మళ్ళీ టైము రాస్తుంది. మళ్ళీ మారిందనుకుంటుంది. ఇది ఎప్పటికీ ఆగదు. కొత్త వెర్షన్ తప్పేం లేదు."

చుట్టూ జనం మూగారు. ఆవిడ ఆ ఫైలుని సాధనం కన్నెయ్యని ఇంకో ఫోల్డర్‌లోకి మార్చి, సేవ్ నొక్కింది. గీత నిండింది. నూరయింది. ఆగిపోయింది. తక్కినవాళ్ళూ ఆ మార్పు తెచ్చుకున్నారు. ఒక్కొక్క కంప్యూటరే ఊపిరి పీల్చుకున్నట్టు రొద తగ్గిపోయి, మూడు రోజుల తర్వాత మొట్టమొదటిసారి ఆ గదిలో గోడ గడియారం చప్పుడు వినిపించింది.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఎవరి పని ఇది?"

"నాదే సార్."

"చేసిందీ మీరే, పట్టిందీ మీరే!" మేనేజర్ తల పట్టుకున్నాడు. "నేను ఆ కంపెనీకి మూడు ఉత్తరాలు రాశానమ్మా. మూడోదాంట్లో వాళ్ళ చదువుల్ని కూడా అనుమానించాను." బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "ఇంతమందిమీ మూడు రోజులు చీకట్లో తడుముకున్నాం. మీరు తప్పొప్పుకుని, అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. శుక్రవారం దాకా ఎందుకు, మిమ్మల్ని ఉద్యోగంలో ఉంచే కాగితం ఇప్పుడే పట్రండి, సంతకం పెట్టేస్తాను."

మర్నాడు మొదట్నుంచి గారు పంటి డాక్టరు దగ్గరికి వెళ్తూ, తన కంప్యూటర్లోంచి ఒక రిపోర్టు పంపమని ఆవిడకి చెప్పారు. పంపుతుంటే ఆ ఫైలు కంటపడింది. ఆయన కాపీలో అది అప్పటికే పక్క ఫోల్డర్‌లో ఉంది. ఆ ఫోల్డర్‌లోకి జరిపిన టైము సోమవారం పొద్దున్న పదీ పది, తను జరపడానికి రెండు రోజుల ముందు. ఆవిడ మళ్ళీ చూసింది. సోమవారమే.

తిన్నగా టెస్టర్ దగ్గరికెళ్ళింది. "మీరెప్పుడైనా ఆయన ప్రశ్నలకి దొరికిపోయారా?"

"ఎందుకు దొరకలేదు! పోయినేడు లాగిన్ అవ్వక చచ్చిపోతున్నప్పుడు నా బుర్ర తినేశాడు. ఆయనకేం అర్థం కాలేదు. చెప్పీ చెప్పీ ఆఖరికి నేనే పట్టాను. ఆ దెబ్బతోనే కదా నన్ను సీనియర్‌ని చేశారు" అన్నాడు టెస్టర్ కాలరెగరేస్తూ.

డిజైన్ చేసే అమ్మాయినడిగింది. ఆవిడా అంతే. "ఆయనకి విడమరిచి చెప్పేసరికి నాకే వెలిగింది!" ఆ అంతస్తులో ఎవర్ని కదిపినా ఇదే కథ. అందరూ ఎవరికి వారే కనిపెట్టుకున్నారు. ఆయనకి మాత్రం పాపం ఏదీ అర్థం కాలేదు.

సాయంత్రం ఆయన ఉబ్బిన బుగ్గతో వచ్చారు. ఆవిడ ఎదురెళ్ళి నిలబడింది.

"సోమవారం పదింటికే మీకు తెలుసు కదా సార్?"

ఆయన బుగ్గ పట్టుకుని తప్పించుకుందామని చూశారు. ఆవిడ కదల్లేదు.

"నేను చెప్పుంటే ఏమయ్యేది? 'కొత్తమ్మాయి చెడగొట్టింది, పెద్దాయన బాగుచేశాడు' అని ఐదు నిమిషాల్లో ముగిసేది. ఆ ముక్కే శుక్రవారం నీ కాగితం మీదికెక్కేది."

"అందుకని మూడు రోజులా సార్!"

"మూడు రోజులు నేను పెట్టానా?" ఆయనకి కోపమొచ్చింది. "సోమవారమే వచ్చాను, టీకి పారిపోయావు. మంగళవారం నన్ను చూసి మెట్లు దిగిపోయావు. లిఫ్టులో అరచేత్తో ఫోన్ మాట్లాడావు! నిన్న కూడా దొరక్కపోయుంటే నేనే చెప్పేద్దును."

ఆవిడకి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. "ఈ సంగతి మేనేజర్ గారికి చెప్పాలి సార్. మీకు ఆలస్యంగా వెలుగుతుందని అందరూ..."

"అమ్మో, అంతపని చెయ్యకు!" ఆయన కంగారుగా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "నాకేమీ అర్థం కాదని పేరు తెచ్చుకోవడానికి పదకొండేళ్ళు పట్టిందమ్మా. తెలివైనవాణ్ణని ఒక్కసారి తెలిసిందా, ఇక ఎవరూ నాకు ఏదీ విడమరిచి చెప్పరు."