సోమశిల లాంచీలో అత్త చీర

మొన్న వనపర్తిలో ఒక పెళ్లికి పోతుంటే బీచుపల్లి వంతెన మీద బస్సు మెల్లగా సాగింది. కింద కృష్ణ ఒడ్డుల దాకా నిండి పారుతోంది. పక్క సీటులో కూర్చున్న అమ్మాయి ఫోనులో సోమశిల లాంచీ వీడియో చూపించి, “ఆంటీ, గీడికి పోదామనుకుంటున్నం, కొండలు మంచిగుంటయా?” అని అడిగింది. బాగుంటాయని చెప్పాను. నిజానికి నాకు వెంటనే గుర్తొచ్చింది కొండలు కాదు, ఆ రోజు లాంచీలో మా మేనమామ ముఖం. నవ్వొచ్చింది. ఆ అమ్మాయి నా వంక అనుమానంగా చూసి ఫోను లోపల పెట్టుకుంది.

మా మామ గద్వాలలో చీరలు నేసేవాడు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చునే మగ్గం ఆయనది. పక్కనే అత్త నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టేది. ఇద్దరూ పొద్దస్తమానం ఒకే గదిలో ఉండి, దారం తెగినా పోట్లాడుకునేవారు, తెగకపోయినా పోట్లాడుకునేవారు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక గుంటలోకి దిగొద్దని దవాఖానలో చెప్పినప్పుడు మామ మగ్గం మీదున్న ఆఖరి చీరను నూలిచ్చి నేయించే షావుకారుకు ఇవ్వకుండా అత్తకే ఉంచేశాడు. మామిడిపండు రంగు నూలు, ఎర్రటి పట్టు అంచు, కొంగంతా జరీ. అన్నేళ్లు పట్టు అంచుల మధ్యే బతికిన అత్త అలాంటి చీర కట్టుకోవడం అదే మొదలు. మామ మనసులోని కోరిక అప్పుడే బయటపడింది. నేసేటప్పుడు చీర జానెడే కనిపిస్తుంది. నేసిన కొద్దీ ఎదురుగా ఉన్న కర్రకు చుట్టుకుపోతుంది. దించాక మడతపెట్టి దుకాణానికి పంపేస్తారు. “ఇన్ని చీరెలు నేసిన. ఒక్కటన్న మనిషి మీద, మంచి ఎండల, దూరం నుంచి సూడలే,” అన్నాడు. మా ఇంట్లో గదులు చీకటి. సందు ఎంత ఇరుకంటే ఎదురింటి తాలింపుకు మేం తుమ్ముతాం. కొండలెక్కే మోకాళ్లు కావాయె. కూర్చుని పోయే ప్రయాణమని, కృష్ణ మీద కొండల మధ్య తిరిగే సోమశిల లాంచీ నేనే ఖాయం చేశాను.

జొన్నరొట్టెలు, పల్లీల పొడి, చిత్రాన్నం మూటగట్టుకుని పొద్దున్నే రేవుకు చేరుకున్నాం. అత్త ఆ చీరలో జీపు దిగుతుంటే నలుగురూ తిరిగి చూశారు. మామ మాత్రం తల పక్కకు తిప్పుకున్నాడు. “గీ జనంల కాదు. కొండల నడుమ జూస్త,” అన్నాడు. దేవుడికి పెట్టేదాకా బూరె ముట్టని వాళ్ల నిష్ఠ ఆయనది. ఇంతలో లాంచీ నడిపే మనిషి ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్టు అందిస్తూ మా దగ్గరికి వచ్చాడు. ముదురు నారింజ రంగు, పరుపంత మందం, మెడ నుంచి నడుము దాకా. అది తొడుక్కుంటే అత్త కొంగూ, కొంగు మీది జరీ అన్నీ లోపలికి పోయాయి. “గిది గట్టుకున్నది దాచిపెట్టనీకా? నాకు ఈత వస్తది పో!” అంది అత్త. అత్తకు ఈత రాదు, బావిలోకి తొంగిచూడాలన్నా ఆమెకు భయమే. తర్వాత ఒక ఉపాయం ఆలోచించి, కొంగు బయటికి లాగి జాకెట్టు మీద కప్పుకుంది. వడ్ల బస్తాకు పట్టుగుడ్డ చుట్టినట్టుంది. లాంచీ మనిషి చేతులు జోడించాడు. “జాకెట్టు మీదనే ఉండాలె పెద్దమ్మా. లేకుంటే లాంచీ కదలదు, జర నా మాట ఇను.” వెనకున్నవాళ్లు కూడా తొందరపెట్టేసరికి అత్త లొంగిపోయింది. మామ ముఖం మాడిపోయింది.

మా పాలమూరు వాళ్లకు సముద్రం లేదు. కానీ లాంచీ నల్లమల కొండల మధ్యకు మళ్లాక సముద్రం లేని లోటు ఎవరికీ గుర్తుండదు. రెండు వైపులా పొరలు పొరలుగా ఎర్రటి రాతి గోడలు, కింద ఆకుపచ్చటి నీళ్లు, పుట్టిలో వల విసురుతున్న మనుషులు, ఇంజను చప్పుడు కొండకు తగిలి మళ్లీ మన దగ్గరికే రావడం. అందరూ ఫోన్లు పైకెత్తారు. మామ కూడా పైకే చూస్తున్నాడు, కానీ మబ్బుల్ని. మధ్యాహ్నం ఒక ఒడ్డున ఆపుతామని, అక్కడ దిగితే జాకెట్లు తీయవచ్చని తెలిసినప్పటి నుంచి ఆయనకు ఒకటే పరేషాన్. “అప్పటికి ఎండ ఉంటదా?” అని లాంచీ మనిషిని అడిగిందే అడిగాడు. అతను విసిగిపోయి, “తాతా, లాంచీ నా చేతులుంది. ఎండ నా చేతుల లేదు,” అన్నాడు. మామ రొట్టె ముట్టలేదు. నాకూ దిగులు పట్టుకుంది. మళ్లీ ఇంత దూరం ఆయన్ని తీసుకురాగలమన్న నమ్మకం నాకు లేదు.

లాంచీ ఆగింది. ఒడ్డుకు వేసిన పలక మీదుగా దిగడానికి మామ మోకాళ్లు ఒప్పుకోలేదు, లోపలే కూర్చున్నాడు. నేను, అత్త దిగాం. అత్త జాకెట్టు విప్పి నా చేతిలో పెట్టి, కుచ్చిళ్లు సర్దుకుని ఒక బండ మీదికి నడిచింది. “ఇంకా జర దూరం పో!” అని లాంచీలోంచి మామ కేక. “ఇంకా!” మళ్లీ కేక. “ఇంక పోతె అడివిల పడ్త!” అని అత్త అరిచింది. అప్పుడు మబ్బు తొలగింది. బండ మీద, చీర మీద ఒక్కసారిగా ఎండ పడింది, గాలికి కొంగు పూర్తిగా విచ్చుకుంది. “తిరుగు!” అన్నాడు మామ. లాంచీలో జనమంతా చూస్తుండగా అత్త సిగ్గుతో మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఆ తర్వాత కేకలు ఆగిపోయాయి. ఏమైందోనని చూస్తే మామ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే చూస్తున్నాడు, చెంపలు తడిసిపోయాయి. కాసేపటికి ఆయన గట్టిగా అరిచాడు, “అంచు మంచిగ కూసున్నదే!” కొండ ఆ మాటనే తిరిగి అంది. లాంచీలో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మామ రొట్టె అడిగి తిన్నాడు.

ఇంటికొచ్చాక కొండలెట్లున్నాయని సందులోవాళ్లు అడిగితే, “కొండలా? ఉన్నయ్ గావచ్చు,” అన్నాడు మామ. ఆయన చూసింది నిన్నా, చీరనా అని నేను అత్తను ఏడిపించాను. “చీరెనే. నాకు తెల్వదా? అయినా లోపల నేనే ఉన్న గదనే!” అంది అత్త, కొంగుతో నన్ను కొట్టి. ఎన్నేళ్లు నేశావని అడిగితే మామ సరిగ్గా చెప్పలేడు. ఆ ఎండ ఎంతసేపు కాసిందో మాత్రం అడగకుండానే చెప్తాడు, ప్రతిసారీ ఇంకొంచెం పెంచి. నేనూ కాదనను. గడిచిపోయిన కాలంలో కొన్ని ఘడియలకు అలా పెరిగే హక్కు ఉంది.