కాలర్ దగ్గర ఆలస్యం

ఆమేన్‌కి ఒకటే జబ్బు. ఎవరి బట్టలు ఇస్త్రీ చేస్తే వాళ్ళ కోసం ప్రార్థన పూర్తికానిదే మడత పెట్టడు. రోజూ పొద్దున్నే పెట్టెలో బొగ్గులు రాజేసి, మూటలోంచి మొదటి చొక్కా తీసి, అది ఎవరిదో ఆనవాలు పట్టి, "ప్రభువా" అని మొదలుపెట్టేవాడు. చివర్లో "ఆమేన్" అని గట్టిగా అని పెట్టె దించేవాడు. మా వీధిలో ఆ మాటకి 'మీ చొక్కా అయింది, వచ్చి పట్టుకెళ్ళండి' అని అర్థం. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఎదురుగా నాదీ ఇస్త్రీ కొట్టే. నా దేవుడు వేరు, నా చెయ్యి చురుకు. అతను ఒక చొక్కా చేసేలోగా నేను నాలుగు చేసేవాణ్ణి. అయినా జనం అతని దగ్గరికే పోయేవాళ్ళు.

"బస్సు వెళ్ళిపోతోందయ్యా, నా చొక్కా ఇలా పడెయ్!" అని గుమస్తాగారు గంతులు వేసేవారు.

"మీ చిన్నవాడి లెక్కల పరీక్ష ఇంకా కాలేదండీ."

"అది వాడు రాసుకుంటాడులే!"

"సరే, చొక్కా చేతులు వదిలేస్తాను. కాలర్ మాత్రం వదల్లేనండీ."

"కాలర్ దగ్గర ఏముందోయ్?"

"మీ కోపం అండీ. ఆలస్యమంతా అక్కడే."

బస్సు తప్పిపోయింది. మర్నాడు గుమస్తాగారి భార్య ఆయన చొక్కాలన్నీ తెచ్చి బల్ల మీద పడేసి, "కాలర్ల దగ్గర తొందరేం లేదు, నిదానంగానే కానివ్వు" అని వెళ్ళింది.

అతని బల్ల దగ్గరికి రాని మనిషి ఒక్కరే, కన్నతండ్రి. పిల్లలకి డ్రిల్లు నేర్పి రిటైరైన మాస్టారు. కొడుకు బాప్తిస్మం తీసుకున్న రోజున, "ఆ దేవుణ్ణి వదిలేస్తేనే ఈ గుమ్మం ఎక్కు" అన్నారు. కొడుకు వదల్లేదు, ఎక్కలేదు. ఆ మర్నాటి నుంచి మాస్టారు తన తెల్లబట్టల మూట చంకన పెట్టుకుని, కొడుకు కొట్టు ముందు నుంచే కవాతు చేస్తున్నట్టు, తల తిప్పకుండా నడిచి నా దగ్గరికి వచ్చేవారు.

ఆయన అటు వెళ్ళగానే ఆమేన్ నా కొట్టు వెనకవైపు ప్రత్యక్షం.

"అన్నా, ఆ మూట ఇలా ఇయ్యి. నేను చేశానని మాత్రం చెప్పకు."

అలా పదకొండేళ్ళు. మాస్టారు మడత వేళ్ళతో తడిమి, "నీ చెయ్యి బాగా కుదిరిందోయ్" అనేవారు. నేను సిగ్గులేకుండా "మీ దయ మాస్టారూ" అనేవాణ్ణి.

"మీ నాన్న నిన్ను ఇంట్లోకి పిలవాలని ప్రార్థిస్తావా?" అని ఒకసారి అడిగాను.

"అబ్బే. పిలవడం ఆయన ఇష్టం కదన్నా. నాన్న మోకాళ్ళ నొప్పి తగ్గాలని."

మొన్న వానాకాలంలో మూట రాలేదు. రెండో వారం మాస్టారి కూతురు వచ్చి, నా దగ్గర మిగిలిన ఒక్క చొక్కా పట్టుకెళ్ళబోయింది.

"ఇంక చొక్కాలతో పని లేదన్నా. నాన్నకి ఒక పక్క పడిపోయింది. మంచం దిగలేరు."

ఎదుటి కొట్లో పెట్టె చప్పుడు ఆగింది. ఆమేన్ చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటి వచ్చాడు. అక్క తమ్ముణ్ణి చూసి ఏడ్చేసింది.

"ఇప్పుడైనా ఆ ఒక్క మాట అనరా. వదిలేశానని చెప్పు చాలు, మనసులో నీ ఇష్టం వచ్చినట్టు ఉండు. రేపు ఆయన ఉంటారో లేదో!"

"అబద్ధం చెప్పొద్దని నేర్పింది ఆయనే కదక్కా."

"అయితే ఆ గుమ్మం బయటే చస్తావా?"

అతను అక్క చేతిలోని చొక్కా కాలర్‌ని బొటనవేలితో చాలాసేపు సరిచేశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు:

"మంచం మీద దుప్పట్లు రోజూ మారుస్తావు కదా. ఉతికి ఈ అన్నకి పంపక్కా. ముడతలుంటే నాన్న వీపు ఒరుసుకుపోతుంది. నేను చేస్తున్నానని చెప్పకు. ఇంకో మాట..."

"ఏంట్రా?"

"పెద్ద దుప్పట్లే పంపు. చిన్నవి తొందరగా అయిపోతాయి."