మేనేజరమ్మ

డయాలసిస్ మిషన్లకు నీళ్లే ప్రాణం. అందుకే ఆ సెంటర్ మేనేజరమ్మ పొద్దున్నే మేడెక్కి, వేలి కణుపులతో ట్యాంకును తట్టి చూస్తుంది. చప్పుడును బట్టి నీళ్లెంతున్నాయో చెప్పేస్తుంది. వరదకు రోడ్లు తెగి ట్యాంకర్లు తగ్గిపోయాక, మొహంలో ఏ మార్పూ లేకుండా కిందికి దిగి, డాక్టరును ఫోన్లో ఒప్పించి, ఒక్కొక్కరి నాలుగు గంటల డయాలసిస్‌నూ రెండున్నరకు కుదించింది. ఇరవై ఇద్దరు రోగుల్లో ఎవరినీ వెనక్కి పంపలేదు. కొందరు తిట్టారు, తల వంచుకుని వింది.

ఐదో రోజు, ఆ రోగుల్లో ఒకడైన ఆమె సొంత అన్న వంతు వచ్చింది. టైమవగానే నర్సు గొంతు తగ్గించి, "సార్‌ని ఇంకో గంట ఉంచేద్దాం మేడం, ఎవరికీ తెలీదు" అంది. "పక్క మంచం పెద్దాయనకి తెలుస్తుందమ్మా" అంటూ తనే మిషన్ ఆపింది. "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు అన్న. "అయిపోయింది అన్నయ్యా. ఎల్లుండి రా." అతను ఆయాసపడుతూ మెట్లు దిగుతుంటే, అటు చూడకుండా తర్వాతి పేరు పిలిచింది. రోడ్లు తెరిచిన రోజు ఇరవై ఇద్దరూ వచ్చారు. అన్న పాదాలు నీరు చేరి ఉబ్బి చెప్పుల్లో పట్టక, ఉత్త కాళ్లతో వచ్చాడు. ఆమె కింద కూర్చుని తడిగుడ్డతో ఆ పాదాల బురద తుడిచింది. ఏడుపు రాలేదు. బురద పోయాక కూడా చాలాసేపు తుడుస్తూనే ఉంది.