మా మామకు రాసిన నడక మందు

ఆ రోజుల్లో మా బళ్ళారి పక్క మందంటే సీసాలో ఉండాల, లేకుంటే సూదిలో ఉండాల. మూడోది ఒకటుంటుందని ఎవరన్నా చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. మోక అనే ఊళ్ళో ఒక డాక్టరు దగ్గర నేను కొత్తగా కాంపౌండరుగా చేరినాను, ఇరవై యేండ్లుంటాయేమో. ఎర్ర మిక్చరు కలపడం, పూటకింత అని గాట్లు కత్తిరించిన కాగితం పట్టీ సీసాకు అంటించడం నా పని. (ఆ పట్టీ వంకర పోకుండా అంటించడంలోనే వైద్యమంతా ఉందని నా గర్వం.) అట్లాంటి నా చేతికి డాక్టరు ఒకనాడు ఒక చీటీ ఇచ్చినాడు. అందులో ఏ మందు పేరూ లేదు. 'దినమూ మూడు మైళ్ళు నడక' అని మాత్రం ఉండాది. ఆ చీటీ మా మామది.

మామంటే మా అమ్మకు అన్న. నేనుండేది ఆయనింట్లోనే. కాలవ కింద వరిమళ్ళు, రెండు జతల ఎద్దులు, ఒక విల్లుబండి ఉన్న మనిషి. ఎదురింటికి పోవాలన్నా బండి కట్టమనే రకం (సరే, కొంచెం ఎక్కువ చెప్తాండా, పక్క వీధికి అనుకోండి). చీటీ చూసి, "ఏందిరా ఇది? నడిచేదానికి డాక్టరెందుకు? సూది యెయ్యమను పో" అన్నాడు. డాక్టరు కన్నడాయన. నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి మెల్లగా అన్నాడు: "గుండె బాగలేదప్పా. ఇట్లే కూర్చోనుంటే వచ్చే కోతలకు ఉండేది అనుమానమే. ఆయనకు హేళబేడ, చెప్తే ఆ భయానికే పడిపోతాడు. నువ్వే నడిపించాల."

అంతే, నా కూడూ నిద్రా రెండూ పోయినాయి. మామ దగ్గితే భయం, దగ్గకుంటే ఇంకా భయం. మధ్యాన్నం ఆయన మంచమ్మీద కునుకు తీస్తాంటే దొంగలాగా పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి. ఒకసారి కండ్లు తెరిచి, "ఏంరా, దోమ వాలిందా?" అన్నాడు. "అవును మామా" అని ఉత్త గాలిని ఒక దెబ్బ కొట్టినాను.

మరుసనాడు పొద్దున్నే ఇద్దరం బళ్ళారి రోడ్డు పట్టినాము. ఫర్లాంగు పోయినామో లేదో వెనక నుంచి ఒక బండి వచ్చి ఆగింది. "ఏందప్పా, నడిచి పోతాండావు? ఎద్దులకేమన్నా అయిందా? ఎక్కు, ఎక్కు!" మా పక్క మర్యాద అది. పెద్దమనిషి నడుస్తాంటే బండి ఆపకుండా పోయినవాడు మనిషే కాదు. ఆపినాక ఎక్కనివాడు వానికన్నా కానోడు, ఏదో మనసులో పెట్టుకున్నాడని నెల దినాలు చెప్పుకుంటారు. "నాకే నడవాలని ఉండాదప్పా" అంటే వినేదెవరు? మామ ఎక్కినాడు. నేనూ ఎక్కినాను (ఎక్కకుండా ఏం చేస్తా, నాకూ మర్యాద ఉండాది కదా). దిగి వెనక్కి తిరిగితే ఇంకొక బండి సిద్ధం. వారం దినాలు ఇదే తంతు. మూడు మైళ్ళ మందులో ఆయన ఒంటికి పట్టింది మూడు ఫర్లాంగులు. దానికి తోడు, ఎద్దులు అమ్ముకున్నాడంట పాపం అని ఊరంతా పుకారు లేచింది. పరామర్శకు వచ్చినోళ్ళకు కాఫీలు కాచి కాచి మా అత్త నన్ను తిట్టింది.

ఆలోచించి ఆలోచించి ఒకటి కనిపెట్టినాను. సైకిలు తొక్కేవాణ్ణి బండెక్కమని ఎవరూ పిలవరు. నా సైకిలే తెచ్చినాను. మెల్లగా తొక్కించమని డాక్టరూ ఒప్పుకున్నాడు. యాభై దాటిన మనిషి పంచె ఎగ్గట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. కాలవ గట్టు మీద ఆయన తొక్కడం, వెనక సీటు పట్టుకుని నేను పరిగెత్తడం. "వదలొద్దురా అల్లుడూ!" "వదల్లేదు మామా!" నిజంగానే వదల్లేదు, పదహైదు దినాలు. పడితే ఆ గుండె ఏమైపోతుందోనని నా గుండె దడదడ. తీరా డాక్టరు కాటా ఎక్కిస్తే మామ బరువు ఎట్లుండేది అట్లే ఉండాది. నా పైజామా మాత్రం జారిపోతాండాది. "మందు రాసింది ఆయనకు, తాగింది నువ్వా?" అన్నాడు డాక్టరు.

ఆ రోషంతో మరుసనాడు చెయ్యి వదిలేసినాను. మామ పోయినాడు! అటూ ఇటూ ఊగుతా, కాలవ మలుపు తిరిగి కనపడకుండా పోయినాడు. నా సంతోషం ఒక్క నిమిషమే. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. పరిగెత్తినాను. మలుపు దాటితే గట్టు పక్క గడ్డిలో సైకిలు పడుండాది. మామ లేడు. కాలవ నిండుగా పోతాండాది. అత్తకేం చెప్పాల, అమ్మకేం చెప్పాల, చెయ్యి వదిలింది నేనే కదా దేవుడా అని, "మామా!" అని ఏడుపు గొంతుతో అరిచినాను.

"అరవొద్దురా, నీ నోట్లో మన్ను పడ! ఆ బండి పోయిందా?"

పక్క జొన్న చేలోనుంచి మాట. చూస్తే దంట్ల మధ్య మామ గొంతుకూర్చుని ఉండాడు. ఎదురుగా బండి వస్తాండాదని సైకిలు గడ్డిలో పడేసి దాక్కున్నాడంట. మనిషినీ సైకిలునూ కలిపి బండిలో వేసుకుని పోతారని భయం (వేసుకుని పోయేవాళ్ళే, అందులో అనుమానం లేదు). నవ్వాల్సింది పోయి నేను బోరున ఏడ్చినాను. మామ లేచొచ్చి నా భుజమ్మీద చెయ్యేసినాడు. "డాక్టరు నీకేం చెప్పింటాడో నాకు తెలుసులేరా. ముక్కు దగ్గర వేలు పెట్టినపుడే తెలిసింది. నువ్వు నా వెనక అట్ల పరిగెత్తుతాంటే తొక్కకుండా ఎట్లుంటానురా?" అన్నాడు.

ఆ యేడు కోతలు చూసినాడు. ఆ తర్వాత ఎన్నో కోతలు చూసినాడు. నా సైకిలు మాత్రం నాకు తిరిగియ్యలేదు.

ఇప్పుడు నాకు అప్పటి మామకన్నా ఎక్కువ వయసు. బళ్ళారిలోనే గాంధీనగర్‌లో ఉంటాను. మొన్న డాక్టరమ్మ అదే చీటీ నాకు రాసిచ్చింది. రోజూ పొద్దున్నే నడుస్తాండాను. కార్లు పోతాయి, స్కూటర్లు పోతాయి, అందులో తెలిసినోళ్ళు చెయ్యూపుతారు. మూడు మైళ్ళ మందు చుక్క పోకుండా ఒంటికి పడతాండాది, అడ్డం వచ్చేవాళ్ళెవరూ లేరు. అయినా వెనక హారన్ మోగితే చాలు, పక్కకు జరిగి కాసేపు నిలబడతాను, ఎక్కమంటారేమోనని.